కొండమీద ఉప్మా

"అమ్మా, వచ్చే శని ఆదివారాలు మనమందరం టెంటులో పడుకుంటున్నాం" అని ప్రకటించాడు మావాడు. 2024 డిసెంబరు మొదటివారంలో ఓ సాయంత్రం. ఆఫీసునుంచి వచ్చి ఇంకా బూట్లయినా విప్పలేదు.

"ఎందుకురా నాయనా? బ్యాంకువాళ్ళ అప్పు తీరి ఈ ఇల్లు మనదై రెండేళ్ళు కాలేదు. హాయిగా ఇందులో పడుకోవడానికి నీకొచ్చిన బాధేమిటి?" అన్నాను.

బాధ కాదట, సరదా అట. హైదరాబాదుకి ఎనభై కిలోమీటర్ల లోపు, వికారాబాదు పక్కన అనంతగిరి కొండలున్నాయి కదా, అక్కడ టెంట్లు అద్దెకిస్తారట. రాత్రి నెగడు వేసుకుని కబుర్లు చెప్పుకోవచ్చు, నక్షత్రాలు లెక్కపెట్టుకోవచ్చు, పొద్దున్నే మంచులోంచి సూర్యుడొస్తుంటే చూడొచ్చు. పిల్లలు ముగ్గురూ - మావాడి కొడుకు పదకొండేళ్ళ పెద్దాడు, సెలవుపెట్టించుకుని మరీ వచ్చిన మా అమ్మాయి కొడుకు ఎనిమిదేళ్ళ నడిపివాడు, అయిదేళ్ళ చిట్టి - అప్పటికే సోఫామీద దుప్పటి కప్పి టెంటు వేసేశారు. మావారు పేపరు కొంచెం కిందికి దించి, "పులులుంటాయా?" అన్నారు. "నెమళ్ళుంటాయి నాన్నా" అన్నాడు వాడు. "అయితే ఫరవాలేదు" అని పేపరు పైకెత్తుకున్నారు.

నాకు మాత్రం పులీ గుర్తు రాలేదు, పామూ గుర్తు రాలేదు. 'పొద్దున్న లేవగానే పిల్లలకి టిఫిను ఏం పెట్టాలి?' - ఇదొక్కటే గుర్తొచ్చింది. చూశారూ, ఇల్లాలి బుర్ర! రేపు భూకంపం వస్తుందని చెప్పినా ముందు వంటింట్లోకి వెళ్ళి పాలు కాచామా లేదా అని చూసొస్తుంది.

ఆ రాత్రే కాగితం తీసుకుని జాబితా రాయడం మొదలుపెట్టాను. ఇడ్లీపిండి, దోసెలపిండి, కొబ్బరిపచ్చడికి రెండు కాయలు, అల్లప్పచ్చడి, పెనం, అట్లకాడ, ఇడ్లీపాత్ర, పప్పుగుత్తి... ముప్ఫైనాలుగు వస్తువులయ్యాయి. మావారు చూసి, "ఇది రెండ్రోజుల ప్రయాణమా, పెళ్ళివారి సరంజామానా?" అన్నారు. ఆయనకేం, ఎన్నయినా అంటారు. నలభైయేళ్ళుగా ఏ ఊరు వెళ్ళినా వేళకి కంచం ముందుకొచ్చిన మనిషి ఆయన!

మర్నాడు మా కోడలు ఆ జాబితా చదివి, మడతపెట్టి నా చేతికిచ్చి, "అత్తయ్యా, ఈసారి మీరు వంట చెయ్యకండి" అంది.

అంతే. నాకు చివుక్కుమంది. అంటే ఏమిటి అర్థం? నా చేతివంట పాతబడిపోయిందనా? పైకేమీ అనలేదు గానీ, రెండు రోజులు మాట అవసరానికి మించి ఆడలేదు. కాఫీ అడిగితే కాఫీ, నీళ్ళడిగితే నీళ్ళు. ఇన్నేళ్ళ సంసారంలో అలగడం ఎలాగో ఆమాత్రం నేర్చుకోలేదా!

మూడోరోజు ఆ పిల్ల పాత ఆల్బం ఒకటి పట్టుకొచ్చి నా పక్కన కూచుంది. "అత్తయ్యా, ఇది ఎక్కడిది?" అంది.

అది అరకు వెళ్ళినప్పటి ఫోటో. 1987. మా అత్తగారి తరఫువాళ్ళూ మేమూ కలిసి పన్నెండుమందిమి. విశాఖపట్నంలో తెల్లవారుజామున రైలెక్కాం. బైలదిల్లా ఇనుపరాయి మోసుకురావడానికి వేసిన లైను అది. దారిపొడుగునా యాభైకి పైగా సొరంగాలు. బండి సొరంగంలోకి దూరినప్పుడల్లా పిల్లలు కేకలు, పెద్దలూ కేకలు. నేనా, విస్తరాకుల్లో పులిహోర వడ్డిస్తున్నాను. ఓ చీకటిలో గరిటెడు పులిహోర మా మామగారి ఒళ్ళో పడింది. వెలుతురొచ్చేసరికి ఆయన కిమ్మనకుండా తింటున్నారు, పాపం. తర్వాత అందరూ బొర్రా గుహలు చూడ్డానికి వెళ్ళారు. నేను బయట సామానుకి కాపలా ఉండి, కిరోసిన్ స్టవ్వుమీద పన్నెండుమందికి ఉప్మా కెలికాను. వాళ్ళు తిరిగొచ్చి, లోపల రాళ్ళు శివలింగంలా ఉన్నాయనీ, ఆవు పొదుగులా ఉన్నాయనీ చెప్పుకుంటూ తిన్నారు. ఆ గుహలు నేనీనాటికీ చూడలేదు.

ఇవన్నీ నవ్వుతూనే చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. ఫోటోమీద వేలుపెట్టి, "మరి ఇందులో మీరెక్కడున్నారు?" అంది.

చూశాను. పదకొండుమంది వరసగా నిలబడ్డారు. నేను లేను. ఓ మూల స్టవ్వుంది, దానిమీద నా ఉప్మాగిన్నె ఉంది.

"ఈసారి మీరు వంట చెయ్యద్దన్నది అందుకు" అంది మెల్లగా.

ఇంకేం అలుగుతాను? 'నీ మొహం, ముందే చెప్పొచ్చుగా' అని కసిరి, కాఫీ కలపడానికి లేచి వంటింట్లోకి వెళ్ళాను. కళ్ళు తుడుచుకోవడానికి ఆడవాళ్ళకి అంతకన్న మంచి చోటేముంది?

అయితే ఓ చిక్కుంది. వంట చెయ్యకపోతే పిల్లలేం తింటారు? మా కోడలి ఉద్దేశం బ్రెడ్డూ జామూ, పొట్లాల నూడుల్సూను. నాకు మనసొప్పలేదు. చలిలో, ఎగిరి గంతులేసే పిల్లలకి అవి ఏపాటి? గంటకి మళ్ళీ 'ఆకలీ' అంటారు. ఆఖరికి ఇద్దరం కూచుని ఓ ఒప్పందానికొచ్చాం. అక్కడ పొయ్యి వెలిగిస్తే ఒక్క గిన్నెలో, పది నిమిషాల్లో అయిపోవాలి. ఫ్రిజ్ అక్కర్లేనిదై ఉండాలి. పదకొండేళ్ళ కుర్రాడు కూడా చేయగలగాలి. ఈ మూడింటికీ నిలవనిది ఏదయినాసరే జాబితాలోంచి కొట్టేయాలి.

ముందు కొట్టేసింది దోసెలపిండి. దానికి నేనూ ఎదురు చెప్పలేదు. 1996 వేసవిలో శ్రీశైలం వెళుతూ, పిండిని మూత బిగించిన డబ్బాలో పోసి జీపులో పెట్టాను. పిండికి ఘాటురోడ్డని తెలుసా, దేవుడి దర్శనమని తెలుసా? ఎండ తగిలితే పొంగడం దాని ధర్మం. దోర్నాల దాటాక మూత ఢామ్మని లేచి, పిండంతా హోల్డాలుమీద అభిషేకం అయిపోయింది. మూడురోజులూ మా పరుపులు పులిసిన వాసన! కొబ్బరిపచ్చడి కూడా కొట్టేశాం. తడి కొబ్బరి పొద్దున్న నూరితే సాయంత్రానికి తీగసాగుతుంది. దాని బదులు పొడులున్నాయి కదా మనకి - కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి. తడి లేనిది చెడదు. మన పెద్దవాళ్ళు ప్రయాణాలకి పొడులూ ఉండలూ కట్టిచ్చేవారంటే ఊరికే కాదు.

ఇక ఉప్మా. ఇది ఇంట్లోనే ముప్పాతిక వంతు చేసి పట్టుకెళ్ళవచ్చు. బొంబాయిరవ్వ సన్నసెగమీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి, రంగు మారనివ్వకూడదు. వేరే మూకుట్లో కాస్త నెయ్యీ నూనే కలిపి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, జీడిపప్పు, ఇంగువ పోపు పెట్టి, కరివేపాకు చేత్తో నలిపితే గలగలలాడేదాకా వేయించాలి. పచ్చిమిర్చీ, అల్లం, ఉల్లిపాయా వద్దు. వాటి తడే కొంప ముంచుతుంది. అల్లం బదులు చిటికెడు శొంఠిపొడి చాలు. ఉప్పు కూడా అందులోనే వేసి, రవ్వ కలిపి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయాలి. కొండమీద చేయవలసిందల్లా గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్ళు తెర్లించి, ఓ చేత్తో ధారగా పోస్తూ రెండో చేత్తో కలిపి, మూతపెట్టి అయిదు నిమిషాలు ఆగడమే. సేమ్యా కూడా ఇలాగే చేసుకోవచ్చు.

పొయ్యే వద్దనుకుంటే అటుకులు. కుచేలుడు కృష్ణుడి దగ్గరికి అటుకులే ఎందుకు పట్టుకెళ్ళాడా అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. బీదవాడు కాబట్టి అనేవారు మా అమ్మమ్మ. కాదు లెండి. ఆయన భార్య తెలివయిన ఇల్లాలు. ద్వారక దాకా నడిచి వెళ్ళే మనిషికి చెడనిదీ, బరువులేనిదీ, నిప్పు అక్కర్లేనిదీ ఇంకేమిస్తుంది? మందపాటి అటుకులు ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి పిండి, పది నిమిషాలుంచితే మెత్తబడతాయి. పెద్దవాళ్ళకి పెరుగూ, ఉప్పూ, సీసాలో తెచ్చుకున్న పోపూ కలిపితే దద్ధోజనం. పిల్లలకి పాలూ, బెల్లం తురుమూ, అరటిపండు ముక్కలూ వేస్తే పాయసం. పాలు మాత్రం ఆ పూట కాచినవే వాడాలి, లేదా కాయనక్కర్లేని పాకెట్టు అప్పటికప్పుడు కత్తిరించుకోవాలి.

మొదటిరోజు మధ్యాహ్నానికి చింతపండు పులిహోర ఎలాగూ తప్పదు. అది లేకపోతే తెలుగువాడి ప్రయాణం ప్రయాణమే కాదు. పులుపూ, ఉప్పూ, నూనే దాన్ని కాపాడతాయన్నమాట నిజమే గానీ, అన్నం వేడిమీద మూతపెట్టేస్తే ఆవిరి పట్టి ఏదీ కాపాడదు. వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, చల్లారాక కలిపి, చల్లారాకే సర్దాలి. గోరువెచ్చగా గంటలకొద్దీ ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే ఉదయం కలిపింది ఆ పూటే అవగొట్టాలి; మిగిలిందని రాత్రి పిల్లలకి పెట్టకూడదు. రెండో డబ్బాలో పెరుగన్నం. మెత్తగా వండిన అన్నంలో పాలుపోసి, చెంచాడు పెరుగు తోడు వేస్తే, మనం వెళ్ళేలోపు అదే తోడుకుంటుంది, పులవదు. ఇది మా అమ్మ నేర్పిన కిటుకు.

ఇక మధ్యమధ్య 'తినడానికేముందీ' అనే ప్రశ్నకి జవాబుగా ఒక్కొక్కరికీ వాళ్ళ పేరుతో మూడేసి పొట్లాలు కట్టాం. మరమరాలు, పుట్నాలపప్పు, వేయించిన పల్లీలు, ఓ బెల్లంముక్క. పేరు రాయడం ముఖ్యం సుమండీ. లేకపోతే 'వాడికెక్కువ, నాకు తక్కువ' అన్న తగువు తీర్చడానికి హైకోర్టు కూడా చాలదు. నాలుగేళ్ళలోపు పసివాళ్ళుంటే మాత్రం పల్లీలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. పొడికొట్టి బెల్లంతో ఉండ చేసిపెట్టండి. జంతికలు ఓ డబ్బా, కమలాపళ్ళు ఓ డజను. సున్నుండలు మాత్రం నేను రహస్యంగా చేసి, నా చీరల సంచీలో పెట్టుకున్నాను. ఒప్పందానికి అవి విరుద్ధం కాదు గానీ, ఏదో ఒకటి నా సొంతంగా ఉండద్దూ?

శనివారం పొద్దున్న బయల్దేరాం. చేవెళ్ళ దారిలో రెండుపక్కలా పెద్దపెద్ద మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి వాటిని తీసెయ్యాలా వద్దా అని ఏళ్ళతరబడి వాదాలు నడిచిన చెట్లవి. ఓ చెట్టుకింద కారాపి పులిహోర తిన్నాం. మావారు మర్రి ఊడలు చూపించి నడిపివాడికి ఏదో పాఠం చెబుతుంటే, వాడు వింటూనే తాతయ్య జంతిక కూడా తినేశాడు.

అనంతగిరిలో అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. మూసీనది పుట్టేది ఈ కొండల్లోనే. "ఆ కంపుకొట్టే మూసీయా?" అన్నాడు పెద్దాడు ముక్కుమూసుకుని. "కంపు దాని పుట్టుకలో లేదురా, మన ఊళ్ళోకొచ్చాక మనం కలిపాం. ఇదే నదికి అడ్డంగా 1920లో గండిపేట చెరువు కట్టారు. ఆ నీళ్ళు తాగే మన ఊరు పెరిగింది" అన్నారు మావారు. ఇక్కడ గాలి మంచిదని వెనకటికి క్షయరోగుల ఆస్పత్రి కూడా కట్టారు. ఊపిరి గట్టిగా పీల్చుకుంటే ఎందుకు కట్టారో తెలుస్తుంది.

గాలి ఎంత మంచిదో కోతులు అంత చెడ్డవి. గుడి దగ్గర దర్శనం చేసుకుని వచ్చి కారు తలుపు తీశానో లేదో, ఓ గండుకోతి నా చీరల సంచీలోంచి సున్నుండల డబ్బా లాక్కుని చెట్టెక్కేసింది. మూత తిప్పే డబ్బా, మా పెద్దాడికి సరిగా రాదు; దానికి ఎంత బాగా వచ్చిందంటే, చేతులు జోడించి నమస్కారం పెట్టాలనిపించింది. ఒక్కొక్కటే తీసి, రుచి చూసి, బంధువుల్ని కూడా పిలిచింది. "నానమ్మా, దానికి నచ్చాయి!" అంది చిట్టి చప్పట్లు కొడుతూ. మా కోడలు నావంక చూసి, "ఇవి లిస్టులో లేవే అత్తయ్యా" అంది. నేను కొండవైపు చూశాను. ఒకటి మాత్రం చెబుతున్నాను. కోతులున్నచోట తినేది ఏదయినా కారులో తాళంవేసి ఉంచండి, సరదాకి కూడా వాటికి పెట్టకండి. ఇవాళ చేత్తో పెడితే రేపు చేతిలోంచి లాక్కుంటాయి.

టెంటు సంగతి ఏం చెప్పను? నిలబడితే తల తగులుతుంది, కూచుంటే మోకాళ్ళు తగులుతాయి. మావారు లోపలికి దూరడానికి పడ్డ అవస్థ చూసి పిల్లలు మళ్ళీ చేయమని అడిగారు. చీకటిపడ్డాక నెగడు వేశారు. ఎక్కడపడితే అక్కడ వెయ్యనివ్వరు. డిసెంబరులో ఎండుటాకులు నిప్పురవ్వ తగిలితే చాలు కొండ అంటుకుంటుంది. అందుకని రాళ్ళు పేర్చిన గుంట ఉంది, పక్కన రెండు బకెట్ల నీళ్ళున్నాయి. కూరగాయలమ్మే ఆవిడ దగ్గర దారిలో చిలగడదుంపలు కొన్నాం. ఆవిడ వాటిని కందగడ్డలంది. నా దృష్టిలో కంద వేరు, అదిస్తే గొంతు దురద. కాసేపు ఆవిడకీ నాకూ వాదన జరిగింది గానీ, దుంప మాత్రం ఒక్కటే. వాటిని నివురులో కప్పెట్టి, ముప్పావు గంట తర్వాత తీసి, నల్లటి తొక్క ఒలిచి, ఓ బొట్టు నెయ్యి వేసి ఇచ్చాం.

ఇంట్లో చిట్టికి అన్నం తినిపించాలంటే సెల్‌ఫోనులో బొమ్మలు పెట్టాలి, గంటసేపు బతిమాలాలి. ఆ పిల్ల రెండు దుంపలు తిని, మూతికి మసి పూసుకుని, "ఇంకోటి" అంది. నేనూ మా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆకలి రుచెరగదని ఊరికే అన్నారా! మనం పిల్లలకి తిండి పెడుతున్నాం గానీ ఆకలివెయ్యడానికి వ్యవధి ఇవ్వడంలేదేమో అనిపించింది.

'నిద్ర సుఖమెరగదు' అన్న రెండోముక్క మాత్రం నా విషయంలో అబద్ధమయింది. కింద గులకరాళ్ళు ఎన్నున్నాయో నా వీపు లెక్కపెట్టి చెప్పగలదు.

తెల్లవారుజామున అయిదింటికి అలవాటుగా మెలకువ వచ్చింది. నా కాళ్ళు నన్నడక్కుండానే పొయ్యివైపు నడిచాయి. అక్కడ చూస్తే, మా కోడలు చిన్న గ్యాసుస్టవ్వు ముందు గొంతుక్కూచుని, శాలువా కప్పుకుని, నీళ్ళు పెడుతోంది.

"మీరు వెళ్ళి ఆ బండమీద కూచోండి అత్తయ్యా. సూర్యుడొచ్చే వేళకి టిఫిను తెచ్చిస్తాను. ఇవాళ మీరు ఏమీ ముట్టుకోకూడదు" అంది.

వెళ్ళి కూచున్నాను. చీకటి పలచబడుతోంది. కింద లోయంతా పాలుపోసినట్టు మంచు. ఎక్కడో నెమలి కూసింది. ఎదురుగా ఏ పనీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. నిజం చెప్పద్దూ, ఓ అయిదు నిమిషాలు మహా సుఖంగా ఉంది. ఆ తర్వాత వెనకనించి గిన్నెల చప్పుడు వినిపించింది. తిరిగి చూశాను.

మా వాడు టెంటులో గుర్రుపెడుతున్నాడు. మావారూ అంతే. పిల్లలు లేచి, ఒకడికి సాక్సు కనబడలేదు, ఒకడికి దాహం, చిట్టికి జడ వెయ్యాలి. ఆ పిల్ల ఓ చేత్తో జడ, ఓ చేత్తో మంచినీళ్ళు, ఓ కన్ను స్టవ్వుమీద. వీపు సూర్యుడొచ్చేవైపు.

నా గుండెల్లో ఏదో కలుక్కుమంది. అరకు ఫోటో కళ్ళముందు కొచ్చింది. అదే ఫోటో. అదే గిన్నె. మనిషే మారింది. నేను కూచున్నానంటే నా పని ఆగిపోలేదు. ఇంకో ఆడపిల్ల నెత్తిమీదికి వెళ్ళిందన్నమాట! ముప్ఫైయేళ్ళ తర్వాత దీని కోడలు ఆల్బం తెరిచి 'ఇందులో మీరెక్కడున్నారు' అని అడిగితే?

లేచి వచ్చాను. "ముట్టుకోకూడదన్నానా అత్తయ్యా" అని ఆ పిల్ల అంటూనే ఉంది. నేను స్టవ్వు జోలికి వెళ్ళలేదు. టెంటు దగ్గరికి వెళ్ళి మావాడి దుప్పటి లాగేశాను. "లేవరా. టెంటులో పడుకుందామన్నది నువ్వు. ఉప్మా నువ్వూ నీ కొడుకూ చెయ్యండి. పదకొండేళ్ళ కుర్రాడు చెయ్యగలిగేట్టు ఆ రవ్వ కలిపాను. నలభైనాలుగేళ్ళ వాడివి, నీకు చేతకాదా?" అన్నాను. మావారు ఓ కన్ను తెరిచారు. "మీరు నీళ్ళు తెండి. చిట్టికి సాక్సు తొడగండి" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ, ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు.

మా కోడలు రానంది. "వాళ్ళకేం తెలుసు అత్తయ్యా, మాడబెట్టేస్తారు" అంది. అచ్చం నేను అనే మాటే! నలభైయేళ్ళు నన్ను ఆ పొయ్యి దగ్గర కట్టేసింది మా అత్తగారు కాదు, మావారూ కాదు. సగం ఆ మాటే. 'నేను లేకపోతే వీళ్ళకి గడవదు' అన్న ఆ మాటలో ఎంత కష్టం ఉందో అంత గర్వమూ ఉంది. "మాడితే మాడనీ, వాళ్ళే తింటారు" అని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చి బండమీద కూచోబెట్టాను.

ఆరున్నర దాటాక సూర్యుడొచ్చాడు. ముందు మంచు అంచు కుంకుమరంగయింది. తర్వాత, వేడిపెనంమీద నెయ్యి కరిగినట్టు, ఆ వెలుగు మెల్లగా లోయంతా పరుచుకుంది. చూడండి, సూర్యోదయాన్ని చూసినా నాకు పెనమే గుర్తొచ్చింది! ఏం చెయ్యను, ఇన్నేళ్ళ అలవాటు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ పిల్ల శాలువా సగం నా భుజాలమీద కప్పింది.

వెనకాల నానా గొడవ. "డాడీ, ధారగా పొయ్యాలి!" "పోశానురా!" "తాతయ్యా, ఇది నా సాక్సు!" రెండుమూడుసార్లు నా మడమలు లేవబోయాయి. కూచోబెట్టుకున్నాను.

ఉప్మా వచ్చింది. పెద్దాడు మోదుగాకు విస్తట్లో పెట్టి రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఉండలు కట్టింది. నిమ్మకాయంత ఉండ ఒకటి విరిస్తే లోపల పొడిరవ్వ. అడుగు మాడిన వాసన కూడా తగిలింది. పైన కందిపొడి, పక్కన కమలా తొన. వాడు నా మొహంవంకే చూస్తున్నాడు, పరీక్ష రిజల్టు కోసం చూసినట్టు.

తిన్నాను. వేడివేడిగా, ఇంకొకరు చేసి చేతికిచ్చిన ఉప్మా, సూర్యుణ్ణి చూస్తూ. అది ఎలా ఉందో మీలో కొందరికయినా చెప్పనక్కర్లేదు.

"బాగుందిరా" అన్నాను. అబద్ధం కాదు.

నడిపివాడు ఫోటో తీశాడు. వాడి ఫోటోలో మా ఇద్దరి తలలూ సగానికి తెగిపోయాయి, మూల చిట్టి వేలు అడ్డం వచ్చింది. అయినా దాన్ని కడిగించి ఆల్బంలో అరకు ఫోటో పక్కన అంటించాను. ఇందులో ఉప్మాగిన్నె కూడా ఉంది. వెనకాల గొంతుక్కూచుని, ఇసకపెట్టి మాడు తోముతున్నవాడు మావాడు.

బయల్దేరేముందు నెగడుమీద నీళ్ళు పోసి, బూడిద చేత్తో తాకి చల్లారిందని చూసి, కాగితాలూ ప్లాస్టిక్కూ సంచీలో ఎత్తుకుని కారెక్కాం. దారిలో పెద్దాడు వెనకసీటులోంచి ముందుకి వంగి అడిగాడు. "నానమ్మా, ఈసారి ఉండలు కట్టకుండా ఎలా చెయ్యాలో చెప్తావా?"

"చెప్తాను" అన్నాను. "కూచునే చెప్తాను."